పిల్లి హస్తవాసి

అతన్ని సైట్లో అందరూ పిల్లి అంటారు. మీసాలు చూసి పెట్టిన పేరు కాదు. చిన్నప్పుడు ఇంట్లో ఒకచోట నిలవకుండా తిరుగుతుంటే తల్లి విసుగెత్తి కాలుగాలిన పిల్లి అనేది. ఆ మాటలో ముందు సగం దారిలో ఎక్కడో జారిపోయి, పిల్లి మాత్రం ఉద్యోగం దాకా వెంట వచ్చింది. పిలిచేవాళ్ళ తప్పేం లేదు. కంచం చేత్తో పట్టుకుని వంటగదికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూ అన్నం తినే మనిషి అతను. టీ గ్లాసు ఇస్తే తాగేదానికంటే ఊపేదే ఎక్కువ. అతను కూర్చున్న కుర్చీకి కూడా మనశ్శాంతి ఉండదు.

అలాంటి మనిషికి దేవుడు ఏం పని చూపించాడో చూడండి. మట్టి తవ్వే బండ్లు, చదును చేసే బండ్లు, కొండరాళ్ళు ఎత్తే బండ్లు, వీటి ఇంజన్ల కరెంటు రోగాలు కనిపెట్టే పని. ఇప్పటి ఇంజన్ల ఒంటి నిండా సెన్సార్లే. ఆయిల్ ఒత్తిడి ఎంతుందో ఒకటి చెబుతుంది, డీజిల్ ఒత్తిడి ఎంతో ఇంకొకటి, ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో నుంచి ఎంత వస్తోందో మరొకటి. అవి చెప్పే మాట వైర్ల మీదుగా కంప్యూటర్ పెట్టెకు చేరుతుంది, ఆ మాట విని కంప్యూటర్ ఇంజన్‌ని నడుపుతుంది. మాట తేడాగా వస్తే ఇంజన్ ఎక్కడ పాడవుతుందోనని భయపడి ఆపేస్తుంది. విరిగిన ఇనుమైతే కంటికి కనిపిస్తుంది. వైరు రోగం అలా కాదు, వస్తుంది, పోతుంది, వచ్చినప్పుడు మనం అక్కడ ఉండాలి. దానికి కావలసింది ఓపిక. అది తప్ప పిల్లి దగ్గర అన్నీ ఉన్నాయి.

పని నేర్పింది మేనమామ. ఆయన పాఠం ఒక్కటే, బండి దగ్గరికి వెళ్ళగానే ముందు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకోవాలి, కళ్ళతో చూడటం అయ్యాకే చేతులు బయటికి తీయాలి. ఆయన ఆ మాట పూర్తిచేసేలోపే మేనల్లుడి చెయ్యి వైర్లను కలిపే ఏదో ఒక కనెక్టరు మీద ఉండేది. నువ్వు ముట్టుకున్నాక ఆ బండి ఇక నీకు నిజం చెప్పదురా అని మామయ్య తల కొట్టుకునేవాడు. పిల్లి దాన్ని ముసలాయన సణుగుడు కింద జమకట్టాడు.

ఎందుకంటే ముట్టుకుంటే బండ్లు బాగయ్యేవి. ఆగిపోయిన బండి దగ్గరికి పిల్లి వస్తాడు, నాలుగు కనెక్టర్లు పీకి మళ్ళీ పెడతాడు, వైర్లు పట్టుకుని ఊపుతాడు, తాళం తిప్పుతాడు, ఇంజన్ గుర్రుమంటుంది. చూసేవాళ్ళు నోళ్ళు తెరిచేవారు. కొందరు డాక్టర్ల చెయ్యి పడితే చాలు జ్వరం తగ్గుతుందంటారే, పిల్లిది అలాంటి హస్తవాసి అని పేరొచ్చింది. అతను పైకి అబ్బే అనేవాడు గాని లోపల మురిసిపోయేవాడు. కనెక్టర్‌ని పీకి పెట్టినప్పుడు లోపలి మురికి కాస్త రాసుకుపోయి కొన్నాళ్ళు బాగుంటుందని, తర్వాత రోగం తిరిగి వస్తుందని అతనికి తెలియక కాదు. తిరిగి వచ్చేసరికి తను ఇంకో బండి దగ్గర ఉంటాడు, అంతే.

ఈ హస్తవాసి చివరికి అతని భార్య మెడకే చుట్టుకుంది.

ఆమె కూడా అదే సైట్లో పని చేస్తుంది. కొండ వాలు తొలిచి రోడ్డు వేస్తున్నారక్కడ. చాలా ఏళ్ళు ఆమె నీళ్ళ ట్యాంకరు నడిపింది, దుమ్ము లేవకుండా దారంతా తడుపుతూ పైకీ కిందికీ తిరగడమే పని. మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్ ఆపరేటర్లు టీకి దిగినప్పుడల్లా బతిమాలి క్యాబిన్లోకి ఎక్కేది. లివర్లు ఎలా లాగాలో, బకెట్ ఎలా తిప్పాలో అలా పోగేసుకుని నేర్చుకుంది. పరీక్ష పాసైంది. చివరికి మొన్న వానలు తగ్గాక ఒక ఎక్స్‌కవేటర్ ఆమెకిచ్చారు. పొద్దుటి షిఫ్టు ఆమెది, మధ్యాహ్నం నుంచి ఇంకో ఆపరేటరుది. అతను మనిషి తాటిచెట్టంత ఉంటాడు, అందరూ పొడుగాయన అంటారు. ఆమె నిలబడితే పిల్లి భుజం దగ్గరికి వస్తుంది. సీటును చివరిదాకా ముందుకు లాక్కుంటే గాని ఆమె కాళ్ళు పెడల్స్‌కి అందవు. కానీ ఆ చిన్న మనిషి బకెట్ తిప్పితే లారీలో మట్టి చెంచాతో వడ్డించినట్టు పడేది. లారీ డ్రైవర్లు ఆమె షిఫ్టు కోసం వరుస కట్టేవారు.

కొన్ని వారాలకి బండి ఆగడం మొదలైంది. పని మధ్యలో ఇంజన్ గొంతు తగ్గుతుంది, క్యాబిన్లోని తెరమీద ఎర్రదీపం వస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. ఆమె తాళం తిప్పితే మూలుగుతుందే గాని అందుకోదు. పిల్లి కొండ కింది నుంచి పరుగెత్తుకొస్తాడు, ఆమె దిగుతుంది, అతను ఎక్కుతాడు, కూర్చుంటాడు, తాళం తిప్పుతాడు. ఒక్క తిప్పుకి ఇంజన్ అందుకుంటుంది. కాసేపు అతనే మట్టి తవ్వి చూస్తాడు, ఏ లోపమూ ఉండదు. ఒకసారి తెర ఆయిల్ ఒత్తిడి సెన్సారు మీద నేరం మోపింది, అతను దాన్ని మార్చాడు. ఇంకోసారి డీజిల్ సెన్సారంది, దాన్నీ మార్చాడు. తర్వాత టర్బో గాలి సెన్సారంది. పొడుగాయన షిఫ్టులో మాత్రం బండి ఒక్కసారీ ఆగలేదు.

సైటు నోరు ఊరుకుంటుందా. ఆవిడ చేతికి బండి లొంగడం లేదని మొదట లారీల దగ్గర అన్నారు, తర్వాత టీ బల్ల దగ్గర అన్నారు, ఆ తర్వాత ఆమె వినేలా అన్నారు. వడ్డించినట్టు మట్టి పోస్తోందని పొగిడిన నోళ్ళే అవి. సూపర్‌వైజరు భారీ మనిషి, మాట మెత్తన. అతను పిల్లిని పక్కకు పిలిచి, ఈ వారం చూస్తానని, మళ్ళీ ఆగితే సోమవారం నుంచి ఆవిడ ట్యాంకర్ మీదికే వెళ్ళాలని చెప్పాడు. పిల్లి ఏదో అనబోయాడు.

"నేను కావాలని అంటున్నానా పిల్లీ? నీ చేతికి బాగానే నడుస్తోంది కదా. నువ్వే చూశావు" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ మాట పిల్లికి ముల్లులా దిగింది. ఆమె తిప్పితే పలకని తాళం తను తిప్పితే పలుకుతోంది. ఇన్నాళ్ళూ మురిసిపోయిన చెయ్యే ఇప్పుడు భార్య మీద సాక్ష్యం చెబుతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె గట్టు దగ్గర కూరగాయలు తరుగుతోంది. పిల్లి వంటగదిలోంచి ముందు గదిలోకీ, అక్కడి నుంచి మెట్లమీదికీ, మళ్ళీ వంటగదిలోకీ తిరుగుతున్నాడు. కొళాయి విప్పి కట్టేశాడు. అగ్గిపెట్టె తీసి గలగలలాడించి పెట్టేశాడు. వాళ్ళిద్దరి మధ్య సరసమైనా చిరాకైనా మామూలుగా ఈ తిరుగుడు మీదే నడుస్తుంది, నేల అరిగిపోతోంది కాస్త పక్క గదిలో కూడా తిరగమని ఆమె అంటుంది. ఆరోజు ఆ మాట అనలేదు. వేరే సంగతి ఎత్తింది. బండి బాగుచేస్తే చేశాడు గాని తన సీటును ఎందుకు వెనక్కి తోస్తాడని అడిగింది. అతను దిగాక దాన్ని మళ్ళీ ముందుకు లాక్కోలేక చేతులు పడిపోతున్నాయట, కింద ఏదో పట్టుకున్నట్టు ఉంటోందట. పిల్లి ఊ కొట్టాడు. నాలుగో ఊ దగ్గర ఆమె కత్తి పక్కన పెట్టింది.

"నేనే ఏదో తప్పు చేస్తున్నానని నువ్వు కూడా అనుకుంటున్నావా?"

"రేపు ఇంకోసారి రీడింగులు చూద్దాం" అన్నాడు పిల్లి.

"నేనడిగింది రీడింగుల సంగతి కాదు."

అతను మెట్లమీదికి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే అనుకుంటున్నాడు. లివరు మరీ మొరటుగా లాగుతోందేమో, మోచెయ్యి తెలియకుండా ఏ స్విచ్చుకో తగులుతోందేమో, కొత్త బండి భయంలో ఏం చేస్తోందో తనకే తెలియడం లేదేమో అని ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆ బండి కోసం ఆమె ఎన్నాళ్ళు ఎదురు చూసిందో అతనికంటే ఎవరికి తెలుసు? అయినా అనుమానం పోలేదు. తన మీద తనకే సిగ్గేసింది. ఆ ఇనుప మెట్లు పైకీ కిందికీ ఎక్కి దిగుతూనే ఉన్నాడు, కింది వాటాలో పెద్దావిడ తలుపు తీసి ఎవరైనా దొంగ దూరాడా అని అడిగేదాకా.

మర్నాడు పొద్దున్నే ఆమె కంటే ముందు సైటుకి చేరి, ఇంజన్ మూత ఎత్తి నిలబడ్డాడు. మూడు సెన్సార్లు, మూడు ఫిర్యాదులు. అప్పుడు మామయ్య మాట ఒకటి గుర్తొచ్చింది. పంక్తిలో ముగ్గురు పిల్లలు ఒకేసారి కడుపునొప్పి అని ఏడిస్తే ముగ్గురికీ మందు పోయకు, ముగ్గురూ ఏం తిన్నారో చూడు అనేవాడు. ఈ మూడు సెన్సార్లూ తినేది ఒకే చేతి అన్నం. కంప్యూటర్ పెట్టెలోంచి అయిదు వోల్టుల కరెంటు ఒకే వైరు మీద బయల్దేరి దారిలో మూడుగా చీలుతుంది. ఆ వైరు ఎక్కడైనా ఒళ్ళు గీసుకుని ఇనుముకు తగిలితే అయిదు వోల్టులూ ఇనుములోకి పోతాయి. మూడు సెన్సార్లకీ ఒకేసారి మతి పోతుంది. కంప్యూటర్‌కి ముందు ఎవరి కేక వినిపిస్తే వాళ్ళ పేరు తెరమీద వేస్తుంది.

పిల్లి ప్రాణం లేచొచ్చింది. మీటరు తగిలించాడు. అయిదు. ఇంజన్ నడిపించి చూశాడు, అయిదు. క్యాబిన్లోకెక్కి కూర్చుని బకెట్‌తో రాయిని గుద్ది చూశాడు. ఇంజన్ ఆగలేదు, దిగి చూస్తే అయిదే. ఇంజన్ దగ్గర కనిపించిన ప్రతి వైరునూ పట్టుకు ఊపాడు. ఏమీ లేదు. ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ఆమె వచ్చి బండి పక్కన నిలబడి అన్నం డబ్బా చేత్తో పట్టుకుని ఇదంతా చూస్తోంది. కింద లారీలు వచ్చి వరుసలో ఆగుతున్నాయి. పిల్లికి చెమట పట్టింది. అయిదు అయిదంటూ ఆ మీటరు కూడా సూపర్‌వైజరు పక్షమే మాట్లాడుతోంది.

చెయ్యి మళ్ళీ ఒక కనెక్టరు మీదికి వెళ్తుంటే అక్కడే ఆగిపోయాడు. ఇప్పటిదాకా ఈ బండి ఆగినప్పుడు తనెప్పుడూ దగ్గర లేడు. ఆగాక వచ్చాడు. వచ్చీరాగానే ముట్టుకున్నాడు. ముట్టుకోగానే అది బాగైపోయింది. రోగాన్ని ఒక్కసారీ చూడకుండానే ఇన్నిసార్లు వైద్యం చేశాడు. నువ్వు ముట్టుకున్నాక అది నీకు నిజం చెప్పదురా అన్న మామయ్య సణుగుడు ఇన్నేళ్ళకి చెవికెక్కింది.

మీటరు వైర్లకు పొడుగాటి తీగలు కలిపి, కిటికీలోంచి క్యాబిన్లోకి లాగాడు. ఆమెను మామూలుగా పని చేసుకోమన్నాడు. తను లోపల ఒక మూల కూర్చుంటానని, ఏదీ ముట్టుకోనని చెప్పాడు.

"నువ్వు? కదలకుండా?" అంది ఆమె. నవ్వలేదు.

సూపర్‌వైజరును అడిగితే తల అడ్డంగా ఊపి, చివరికి సరేనన్నాడు. ఆమె ఎక్కి, సీటు కింది పిడిని పట్టుకుని పళ్ళు బిగించి సీటును చివరిదాకా ముందుకు లాక్కుంది. దాని వెనక ఒక మనిషి ఒదిగి కూర్చునేంత చోటు ఏర్పడింది. అక్కడ అంత చోటుందని పిల్లికి ఇన్నాళ్ళూ తెలియదు. అక్కడే ఉన్న కంప్యూటర్ పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, మీటరును మోకాళ్ళ మీద పెట్టుకుని, రెండు చేతులూ చంకల్లో బిగించుకున్నాడు.

అంత కష్టమైన పని అతను జన్మలో చెయ్యలేదు. లారీ నిండింది, ఇంకోటి వచ్చింది. మోకాళ్ళు గుంజాయి. ముక్కు దురద పెట్టింది. సీటు వెనక ఒక స్క్రూ కాస్త వదులుగా కనిపించి అతని ప్రాణం తోడేసింది. మీటరు మీద అయిదు అలాగే ఉంది. కదలకుండా కూర్చుంటే బుర్ర పరుగెత్తుతుందని అతనికి అప్పుడే తెలిసింది. ఈరోజు ఆగకపోతే? ఆమె చేతిలోనూ బాగానే నడిస్తే సంతోషమే కదా. కానీ ఆగక మానదు, తను లేనప్పుడు ఆగుతుంది, సోమవారం ట్యాంకర్. బండి ఆగాలని దేవుణ్ణి మొక్కుకున్న ఎలక్ట్రీషియన్ ప్రపంచంలో అతనొక్కడే అయి ఉంటాడు. ముందు కూర్చున్న ఆమె మెడ, భుజాలు కనిపిస్తున్నాయి. లివర్ల మీద ఆమె చేతులు ఎంత నెమ్మదిగా ఉన్నాయో చూస్తూ కూర్చున్నాడు. మొరటుగా లాగుతోందేమో అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

బకెట్ ఒక పెద్దరాయి అంచుకి తగిలి బండి మొత్తం అదిరింది. మీటరు మీది అయిదు సున్నా అయింది. ఇంజన్ గొంతు తగ్గి ఆగిపోయింది. తెరమీద ఎర్రదీపం వెలిగింది.

పిల్లి చేతులు వాటంతటవే చంకల్లోంచి బయటికొచ్చాయి. మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఆమె అలవాటుగా దిగడానికి లేవబోయింది.

"లేవకు. దేన్నీ ముట్టుకోకు. ఎలా ఉన్నావో అలాగే ఉండు" అన్నాడు.

మీటరు ఇంకా సున్నా మీదే ఉంది. రోగం పారిపోలేదు, ఇక్కడే ఎక్కడో ఉంది. పిల్లి కళ్ళతో వెతికాడు. కంప్యూటర్ పెట్టె నుంచి వైర్ల కట్ట బయల్దేరి నేల మీదుగా సీటు కిందికి పోతోంది. దాన్ని నేలకు పట్టి ఉంచాల్సిన క్లిప్పు విరిగి పక్కన పడి ఉంది. కట్ట లేచి, సీటు జరిగే ఇనుప పట్టా కింద ఇరుక్కుంది. తల వంచి చెంప నేలకు ఆనించి చూశాడు. ఒక వైరు తొడుగు అరిగి, రాగి మెరుస్తూ పట్టాను తాకుతోంది. సీటు ముందుకు జరిగినప్పుడు మాత్రమే పట్టా అక్కడిదాకా వస్తుంది.

అలా చెంప నేల మీద ఆనించే అతనికి అంతా అర్థమైంది. ఆమె దిగగానే తను ఎక్కుతాడు. ఎక్కగానే మోకాళ్ళు ముందున్న లివర్లకు తగులుతాయి కాబట్టి చెయ్యి దానంతటదే కిందికి పోయి సీటును వెనక్కి తోస్తుంది. ఆ తోపుకి వైరు విడిపడుతుంది. పొడుగాయన చేసేదీ అదే. అతని గొప్ప హస్తవాసి అంతా ఆ తోపులో ఉంది. కింద ఏదో పట్టుకున్నట్టు ఉంటోందని ఆమె రాత్రి చెబితే తను ఊ కొట్టాడు. నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపులా మారబోతే దగ్గి సర్దుకున్నాడు.

సూపర్‌వైజరును పిలిచాడు. వైరు చూపిస్తే అతను వంగలేక వంగి చూసి, ఇంత చిన్నదానికా అన్నట్టు మొహం పెట్టాడు. పిల్లి మారు మాట్లాడకుండా సీటును వెనక్కి జరిపి అతన్నే కూర్చోమన్నాడు. తాళం తిప్పితే ఇంజన్ అందుకుంది. ఇప్పుడు సీటును ముందుకు లాక్కోమన్నాడు. ఆ భారీ శరీరం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పొట్ట లివర్ల మీద వేసుకుని, మూటలో కుక్కిన బట్టల్లా ముడుచుకుంది. బకెట్‌ను నేలకు ఒక్కసారి తాటించమన్నాడు పిల్లి. తాటించాడు. ఇంజన్ ఆగింది. సూపర్‌వైజరు తాళం తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. మూలిగిందే గాని అందుకోలేదు.

"ఇప్పుడు మీ చేతికి కూడా లొంగట్లేదు సార్" అన్నాడు పిల్లి.

లారీల దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. సూపర్‌వైజరు మంచి మనిషి, తనూ నవ్వేశాడు. దిగడానికి ఇద్దరు చెయ్యి అందించాల్సి వచ్చింది. పోతూ పోతూ, నీ హస్తవాసే వేరు పిల్లీ అని భుజం తట్టాడు. పిల్లి వంగి పెట్టెలోంచి కత్తెర తీశాడు.

దెబ్బతిన్న ముక్క కత్తిరించి కొత్త వైరు అతికించాడు, తొడుగు ఎక్కించాడు, కట్టను పట్టాకు దూరంగా గోడ వెంట నడిపి కొత్త క్లిప్పులతో బిగించాడు. ఆమె తలుపు దగ్గర మెట్టు మీద నిలబడి చూస్తోంది. చివరి క్లిప్పు బిగించాక అతని చేతులకు పని లేకుండా పోయింది.

"దొరక్కపోయి ఉంటే?" అంది ఆమె.

కింద నుంచి లారీ హారన్ మోగింది. పిల్లి స్క్రూడ్రైవరు పెట్టెలో పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"తప్పు నీదేననుకునేవాణ్ణి" అన్నాడు.

ఆమె తల ఊపింది. తెలుసు అంది. లోపలికొచ్చి కూర్చుని, పిడి పట్టుకుని సీటును ముందుకు లాక్కుంది. ఈసారి తేలిగ్గానే జరిగింది.

"ఇంకోసారి ఆగితే ముందు నన్నడుగు. కంప్యూటర్‌ని తర్వాత అడుగుదువు గాని" అంది.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, దిగుతావా ఇంకా కూర్చుంటావా అని అడిగింది. మీటరు విప్పేశాడు, తీగలు చుట్టేశాడు, అక్కడ అతనికి ఇక ఏ పనీ లేదు. కొండ కింద ఇంకో బండి ఆగిందని కబురు కూడా వచ్చింది. పిల్లి సీటు వెనక ఆ ఇరుకు చోటులో గొంతుక్కూర్చుని, చేతులు చంకల్లో పెట్టుకుని, భోజనాల సైరన్ మోగేదాకా ఆమె లారీలు నింపడం చూస్తూ కదలకుండా ఉండిపోయాడు.